బ్రాడ్‌వే బూగీ వూగీ తైలవర్ణ ప్రతి: గీతలు దిగాయి, లయ దిగలేదు

పీట్ మోండ్రియాన్ 1942-43లో న్యూయార్క్‌లో వేసిన ‘బ్రాడ్‌వే బూగీ వూగీ’ అనే నైరూప్య తైలవర్ణ చిత్రానికి చేత్తో వేసిన ప్రతిని ఒక ఆన్‌లైన్ దుకాణం ద్వారా తెప్పించుకున్నాను. అసలు చిత్రం కొలత ఎంతో ప్రతి కొలతా అంతే. పొడవూ వెడల్పూ 127 సెంటీమీటర్లు, అంటే 50 అంగుళాల చదరం. కాన్వాసుకు, పనికి, రవాణాకు కలిపి 18,500 రూపాయలు తీసుకున్నారు. చెక్క చట్రానికి బిగించే ఖర్చు హైదరాబాదులో నేను వేరుగా పెట్టుకున్నాను. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. జాజ్ సంగీతం మీది ప్రేమతో పుట్టిన ఇలాంటి చిత్రానికి నకలు వేయించుకోవాలనుకునేవారు ఎవరి దగ్గర కొన్నా ఏమేమి అడగాలో, ఏమేమి పరీక్షించాలో తెలియడం ముఖ్యమని నా ఉద్దేశం.

అమ్మాయి ఉద్యోగరీత్యా న్యూజెర్సీలో ఉంటున్నందువల్ల, అక్కడికి వెళ్లినప్పుడు మన్‌హాటన్ 53వ వీధిలోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో అసలు చిత్రాన్ని తీరిగ్గా చూసే అవకాశం నాకు దొరికింది. ప్రతిని అంచనా వేయడానికి నాకున్న కొలమానం అదే. ఫోటోల్లో మాత్రమే చూసినవారికి ఇందులో పసుపు గీతలు, వాటి మీద చిన్న చిన్న చదరాలు తప్ప మరేమీ కనిపించవు కనుక, నకలు సంగతికి వచ్చే ముందు అసలు గురించి కొంత చెప్పక తప్పదు.

మోండ్రియాన్ 1872లో నెదర్లాండ్స్‌లోని ఆమర్స్‌ఫోర్ట్ పట్టణంలో పుట్టారు. తెల్లటి నేల మీద నల్లటి నిలువు, అడ్డ గీతలు, వాటి మధ్య ఎరుపు, నీలం, పసుపు దిమ్మలు ఉండే చిత్రాలతో పారిస్‌లో పేరు తెచ్చుకున్నారు. మనిషి కఠిన నియమాలవాడుగా కనిపించినా, జాజ్ అంటే, దానికి ఆడే నృత్యాలంటే ఆయనకు మొదటినుంచీ విపరీతమైన ఇష్టం. తన చిత్రకళకూ జాజ్‌కూ ఉన్న బంధుత్వం గురించి 1927లోనే ఒక వ్యాసం రాశారు. 1929, 1930ల్లో వేసిన రెండు చిత్రాలకు ఫాక్స్ ట్రాట్ అని నృత్యం పేరే పెట్టారు. తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఇక్కడ చెప్పుకోవచ్చు. ఆయన దివ్యజ్ఞాన సమాజంలో (థియోసాఫికల్ సొసైటీలో) సభ్యుడిగా చేరింది 1909లో. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి అనే బాలుడు మద్రాసు అడయారులో అదే సమాజం పెద్దల కంట పడిందీ ఆ సంవత్సరమే. ప్రకృతి రూపాల వెనుక మారని క్రమం ఒకటి ఉందన్న ఆ సమాజపు భావన మోండ్రియాన్ గీతల్లో చివరిదాకా నిలిచింది.

యుద్ధం ముంచుకొస్తున్నదని 1938లో పారిస్ వదిలి లండన్ వెళ్లారు. అక్కడా బాంబులు పడుతుండగా 1940 అక్టోబరులో, 68 ఏళ్ల వయసులో, న్యూయార్క్‌లో అడుగుపెట్టారు. ఆయనను రప్పించడానికి సాయపడిన యువ చిత్రకారుడు హ్యారీ హోల్ట్‌జ్‌మన్, వచ్చిన రాత్రే ఆయనకు బూగీ వూగీ రికార్డులు వినిపించారు. నల్లజాతి పియానో కళాకారులు పెంచి పోషించిన ఆ బాణీ అప్పటికి నగరమంతా మారుమోగుతోంది. షికాగోలో ట్యాక్సీలు నడుపుకుని బతికిన ఆల్బర్ట్ ఆమన్స్, మీడ్ లక్స్ లూయిస్, కాన్సస్ సిటీ నుంచి వచ్చిన పీట్ జాన్సన్ 1938 డిసెంబరు 23న కార్నెగీ హాలులో వాయించాక అది పెద్ద వ్యామోహంగా మారింది. నల్లవారూ తెల్లవారూ పక్కపక్కన కూర్చుని వినగలిగిన కెఫే సొసైటీ అనే క్లబ్బులో ఆ ముగ్గురూ వాయించేవారు. అక్కడి శ్రోతలలో మోండ్రియాన్ కూడా ఒకరు.

బూగీ వూగీలో ఎడమ చేయి ఒకే స్వరాల వరుసను ఆవర్తానికి ఎనిమిది దెబ్బల చొప్పున ఆపకుండా వాయిస్తూ ఉంటుంది. పన్నెండు ఆవర్తాలకు ఒక చుట్టు పూర్తవుతుంది. కుడి చేయి ఆ కట్టుబాటుకు లోబడకుండా, దాన్ని వదలకుండా, దెబ్బకు ముందో వెనకో పడుతూ పైన స్వేచ్ఛగా తిరుగుతుంది. మన కచేరీలో గాయకుడి చేయి ఆది తాళం ఎనిమిది అక్షరాలనూ తప్పకుండా లెక్కిస్తుండగా, కల్పన స్వరం ఆ లెక్కకు అటూ ఇటూ ఒరుగుతూ వెళ్లి సరిగ్గా ఎత్తుగడకు చేరడం విన్నవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. లెక్క కచ్చితంగా ఉండాలి, పాట ఆ లెక్క మీద కదులుతూ ఉండాలి. మోండ్రియాన్ ఈ సంగీతంలో తన సొంత పనినే చూశారు. రాగాన్ని పక్కనబెట్టి కేవలం లయతో కట్టడం ఆ సంగీతం పని అయితే, కంటికి కనిపించే ప్రకృతిని పక్కనబెట్టి కేవలం గీతతో, రంగుతో కట్టడం తన పని అని ఆయన భావించారు.

అందుకే ఇరవై ఏళ్లుగా తన చిత్రాలకు వెన్నెముకగా ఉన్న నల్ల గీతను ఈ చిత్రంలో పూర్తిగా తీసేశారు. గీతలన్నీ పసుపు. ఆ పసుపు గీతలను ఎరుపు, నీలం, లేత బూడిద రంగు చదరాలు అడుగడుగునా తుంచుతూ పోతాయి. గీతలు కలుసుకునే కూడళ్లలోనూ ఆ చదరాలే. మధ్యలోని తెల్లటి ఖాళీల్లో అక్కడక్కడ పెద్ద దిమ్మలు, కొన్నింటి లోపల మరో రంగు దిమ్మ. మన్‌హాటన్ వీధులు నిలువూ అడ్డంగా పరచుకున్న తీరు ఇందులో ఉన్నమాట నిజమే; అయితే చిత్రానికి పేరిచ్చిన బ్రాడ్‌వే ఆ వీధులన్నింటినీ ఏటవాలుగా కోసుకుంటూ పోయే రహదారి, ఈ చిత్రంలో ఏటవాలు గీత ఒక్కటీ లేదు. నగరపు పటం వేయడం ఆయన ఉద్దేశం కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అసలు చిత్రానికి దగ్గరగా నిలబడి చూసినప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది అందులోని చేతిపని. చిన్న చదరాల్లో చాలావాటిని కొలిస్తే అవి చదరాలు కావు. ఒకటి కొంచెం పొడుగు, ఒకటి కొంచెం పొట్టి, పక్కపక్కన ఉన్న రెండింటి మధ్య దూరం మరో రెండింటి మధ్య ఉండదు. పసుపు మీద ఎరుపు ఆగిన చోట అంచు తిన్నగానే ఉంటుంది కానీ కత్తితో కోసినట్టు ఉండదు. కుంచె వచ్చి ఆగిన చోట రంగు కొద్దిగా చిక్కబడి సన్నని గట్టులా నిలిచింది. తెల్లటి భాగాలు అన్నీ ఒకే తెలుపు కావు. ఒక దాంట్లో కుంచె నిలువుగా నడిచింది, పక్కదాంట్లో అడ్డంగా నడిచింది, అందువల్ల మ్యూజియం దీపం వాటి మీద రెండు రకాలుగా పడుతుంది. నాలుగు అడుగులు వెనక్కి వచ్చి చూస్తే ఆ చిన్న చిన్న తేడాలన్నీ కలిసి చదరాలను కదిలిస్తాయి. కన్ను ఒకదాని మీద నిలవబోయేలోగా పక్కది పిలుస్తుంది. జాజ్ ఈ చిత్రంలో ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ తేడాలనే. గీతల గళ్లు ఎడమ చేయి, చదరాల హెచ్చుతగ్గులు కుడి చేయి.

ఇప్పుడు నకలు సంగతి. కొలత విషయంలో అమ్మినవారు మాట నిలబెట్టుకున్నారు, అది చిన్న విషయం కాదు. 24, 36, 50 అంగుళాల్లో ఎంచుకోమన్నారు. నేను 50 ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ చిత్రాన్ని సగానికి కుదిస్తే చిన్న చదరాలు చుక్కలైపోతాయి, చుక్కలైతే వాటి మధ్య దూరాలు కంటికి ఆనవు. గోడ చిన్నదైతే దీనికి బదులు మరో చిత్రం ఎంచుకోవడం మేలు. గీతల స్థానాలను కూడా చిత్రకారుడు శ్రద్ధగా పట్టుకున్నారు. మ్యూజియంలో తీసిన ఫోటోతో పోల్చి చూశాను. ఒక్క గీత కూడా తప్పిపోలేదు, ఒక్క పెద్ద దిమ్మ కూడా చోటు మారలేదు.

లోపం అంచుల దగ్గర మొదలైంది. మాస్కింగ్ టేపు అతికించి, మధ్యలో రంగు నింపి, టేపు లాగేసే పద్ధతిలో ప్రతి గీతనూ వేశారు. దగ్గరగా చూస్తే టేపు ఎత్తిన చోట రంగు పెంకులా పైకి లేచి, రెండు వైపులా ఒకే ఎత్తున, ఒకే పదునుతో నిలిచి ఉంది. చదరాలన్నీ ఒకే కొలతకు కత్తిరించిన టేపు ముక్కల నుంచి వచ్చాయి కనుక వాటి మధ్య ఉండాల్సిన హెచ్చుతగ్గులు మాయమయ్యాయి. పొడుగుగా ఉండాల్సిన దాన్ని సరిచేశారు, ఇరుకుగా ఉండాల్సిన సందును సమం చేశారు. పని చేసినవారు దీన్ని శుభ్రత అనుకుని ఉంటారు, ఆ నైపుణ్యాన్ని నేను తక్కువ చేయను. కానీ ఈ చిత్రంలో తాళం మాత్రమే మిగిలి పాట పోవడానికి కారణం ఆ శుభ్రతే. మోండ్రియాన్ కూడా న్యూయార్క్‌లో రంగు కాగితపు టేపులు వాడిన సంగతి ప్రసిద్ధమే. గీత ఎక్కడ ఉండాలో తేల్చుకోవడానికి వాటిని అతికించి, జరిపి, మళ్లీ అతికించి చూసేవారు. ఆయన మరణించేనాటికి పూర్తికాని ‘విక్టరీ బూగీ వూగీ’ మీద ఆ టేపు ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. ఆయనకు టేపు ఆలోచించుకునే సాధనం, నా ప్రతి వేసినవారికి అంచు కోసే సాధనం. ఆ తేడా గోడ మీద స్పష్టంగా కనిపిస్తుంది.

రంగుల్లో ఎరుపు, నీలం సంతృప్తికరంగా ఉన్నాయి. పసుపు నిమ్మపండు వైపు ఒరిగింది, అసలులోని పసుపు ఇంతకంటే వెచ్చన. బూడిద రంగును మాత్రం సరిగా అర్థం చేసుకోలేదు. అసలులో ఆ లేత బూడిద చదరాలు పసుపుకీ తెలుపుకీ మధ్య ఊపిరి తీసుకునే చోట్లు. ప్రతిలో వాటిని బాగా ముదర పెట్టడం వల్ల అవి నీలంతో పోటీ పడుతున్నాయి. తెలుపు అంతటా ఒకే తెలుపు, ఒకే దిశలో రోలరుతో పూసిన తెలుపు. పైగా చిత్రమంతటికీ నిగనిగలాడే వార్నిష్ కొట్టారు, దానివల్ల సాయంత్రం ట్యూబులైటు వెలుగు చిత్రం మధ్యలో ఒక తెల్లటి చారలా పడుతోంది. తైలవర్ణం పూర్తిగా ఆరడానికి, మందాన్ని బట్టి, ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అంతవరకు మామూలు వార్నిష్ వేయకూడదన్నది ఈ పని తెలిసినవారందరూ పాటించే నియమం. ఆర్డరు పెట్టిన అయిదు వారాల్లోనే వార్నిష్ మెరుపుతో చిత్రం చేతికి వచ్చిందంటే ఆ నియమాన్ని పక్కన పెట్టినట్టే.

ప్యాకింగు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి ప్రతి కూడా ఇక్కడే పాడవుతుంది. కాన్వాసును గట్టి అట్ట గొట్టంలో చుట్టి పంపారు. గొట్టం దృఢంగా ఉంది, రెండు చివరలా మూతలు బిగించారు, దారిలో ఎక్కడా నలగలేదు. అయితే రంగు వైపును లోపలికి ఉంచి చుట్టారు. చిత్రాన్ని చుట్టాల్సి వస్తే రంగు వైపు బయటికి ఉండాలి. లోపలికి చుడితే రంగు పొర మీద నొక్కుడు పడి, విప్పినప్పుడు ముడతలకూ పగుళ్లకూ దారితీస్తుంది. పైగా చుట్టిన పొరల మధ్య బుడగల ప్లాస్టిక్ కవరు వేశారు. విప్పి నేల మీద పరిచి కిటికీ వెలుగులో పక్కనుంచి చూసేసరికి, ఎడమ వైపు పసుపు గీతల మీద గుండ్రటి అచ్చులు వరుసగా కనిపించాయి. లోపల ఇంకా మెత్తగా ఉన్న రంగు మీద బుడగలు నొక్కుకున్న ఆనవాళ్లవి. ఎదురుగా నిలబడి చూస్తే తెలియవు, దీపం పక్కనుంచి పడితే తెలుస్తాయి. ఆ స్థానంలో నున్నటి, అంటుకోని కాగితం వేసి ఉంటే ఈ సమస్య వచ్చేది కాదు. ఇంకా నయం, పెద్ద దిమ్మల మీద ఆ అచ్చులు పడలేదు.

చట్రానికి బిగించే పని మా పేటలోని ఫ్రేముల దుకాణంలో జరిగింది. 50 అంగుళాల చదరానికి నాలుగు వైపుల పట్టీలు చాలవు, మధ్యలో అడ్డుపట్టీ ఒకటి ఉండాలి, లేకపోతే కాన్వాసు లాగుడుకు పట్టీలు లోపలికి వంగుతాయి. ఈ చిత్రానికి మరో జాగ్రత్త కూడా అవసరం. ఇందులో ఉన్నవన్నీ నిలువు, అడ్డ గీతలే కనుక చట్రం మూలమట్టానికి రవ్వంత తప్పినా ఆ తప్పును ప్రతి గీతా బయటపెడుతుంది. రెండు కర్ణాలనూ కొలత టేపుతో కొలిపించాను. రెండూ 179 సెంటీమీటర్లు దాటి సమానంగా వచ్చాకే మేకులు కొట్టనిచ్చాను. కాన్వాసు చుట్టూ ఖాళీ అంచు అయిదు సెంటీమీటర్లయినా ఉండాల్సింది మూడే వదిలారు, అందువల్ల బిగించే మనిషి చాలా శ్రమ పడ్డాడు. నకాషీ చెక్కిన బంగారు రంగు ఫ్రేము వద్దనుకున్నాను. మోండ్రియాన్ తన చిత్రాలను లోతైన ఫ్రేముల్లో దించేవారు కాదు. వెనుక సన్నటి పట్టీ మీద కాన్వాసును ముందుకు నిలబెట్టేవారు, చిత్రం గోడలోకి కిటికీలా వెళ్లకుండా గదిలోకి రావాలని. నేనూ తెల్ల రంగు వేసిన పట్టీ మీద అలాగే నిలబెట్టించాను. ప్రతిలో ఎన్ని లోపాలున్నా, ఆ తరువాత గదికి ఒక నిండుదనం వచ్చిన మాట వాస్తవం.

ఈ ధరకు ఇది తగునా అన్న ప్రశ్నకు నా సమాధానం కొనేవారి ఉద్దేశాన్ని బట్టి మారుతుంది. హాలులో సోఫా వెనుక పెద్ద గోడ ఉండి, రంగులు హుషారుగా కనిపిస్తే చాలుననుకునేవారికి 18,500 రూపాయలు ఎక్కువ కాదు. అదే కొలతలో మంచి కాన్వాసు ప్రింటుకు ఫ్రేముతో కలిపి నాకు చెప్పిన ధర ఇందులో మూడో వంతుకు కాస్త పైన ఉంది, కానీ ప్రింటులో రంగుకు మందం ఉండదు. అసలులోని జాజ్ కావాలనుకునేవారికి మాత్రం టేపుతో వేసిన చేతిపని కంటే మంచి ప్రింటే నయమని నేను నిర్మొహమాటంగా చెబుతాను. మ్యూజియం ఫోటో నుంచి తీసిన ప్రింటులో కనీసం చదరాల హెచ్చుతగ్గులు, అసలు కుంచె నడిచిన దిశలు అలాగే ఉంటాయి. చట్టపరంగా ఈ ప్రతులు వేయించుకోవడానికి మన దేశంలో అడ్డంకి లేదు; చిత్రకారుడు చనిపోయిన తరువాత 60 ఏళ్లకు హక్కులు ముగుస్తాయి, మోండ్రియాన్ 1944 ఫిబ్రవరి 1న న్యూయార్క్‌లో న్యుమోనియాతో కన్నుమూశారు. ధరల మాట వచ్చింది కనుక ఇదీ చెప్పాలి. బ్రెజిల్ శిల్పి మరియా మార్టిన్స్ 1943లో అసలు ‘బ్రాడ్‌వే బూగీ వూగీ’ని 800 డాలర్లకు కొని, తన పేరు చెప్పకుండా మ్యూజియానికి ఇచ్చేశారు. అసంపూర్తిగా మిగిలిన ‘విక్టరీ బూగీ వూగీ’ని 1998లో నెదర్లాండ్స్ దేశం 8 కోట్ల గిల్డర్లకు (గిల్డరు అప్పటి ఆ దేశపు నాణెం) కొన్నది. మరియా మార్టిన్స్ అనే ఆ మహాతల్లి దానం వల్లనే నాలాంటివారు టికెట్టు కొనుక్కుని ‘బ్రాడ్‌వే బూగీ వూగీ’ ముందు నిలబడగలుగుతున్నారు.

అమ్మకం తరువాతి సేవ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. బుడగల అచ్చుల ఫోటోలు, టేపు అంచుల ఫోటోలు పంపి, అసలులోని చదరాలు సమానంగా ఉండవని మ్యూజియం ఫోటోతో సహా వివరించాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ప్యాకింగు తప్పును ఒప్పుకుని 6,000 రూపాయలు తిరిగి వేశారు. అంచుల విషయంలో మాత్రం, సరళ రేఖల చిత్రాలన్నింటినీ తాము టేపుతోనే వేయిస్తామని, కొనేవారిలో ఎక్కువమంది పదునైన అంచునే కోరతారని రాశారు. టేపు లేకుండా, చదరాలను ఒక్కొక్కటిగా కొలిచి కుంచెతో వేయడానికి చిత్రకారుడు సిద్ధమేనని, దానికి అదనంగా 9,000 రూపాయలు, పది వారాల సమయం పడుతుందని కూడా తెలిపారు. ఇలాంటి వీలు ఉందని వారి ఆర్డరు పేజీలో ఎక్కడా లేదు, అడిగినవారికే తెలుస్తోంది.

కనుక ఆర్డరు పెట్టేటప్పుడే ఈ మాటలు రాతపూర్వకంగా పంపండి: టేపు వాడవద్దు, చదరాలను సమం చేయవద్దు, బూడిద రంగు లేతగా ఉంచండి, తెలుపును భాగం భాగంగా కుంచెతో వేయండి, వార్నిష్ వద్దు, చుట్టూ అయిదు సెంటీమీటర్ల అంచు వదలండి, ఆరేదాకా ఆగి రంగు వైపు బయటికి చుట్టి పంపండి. పంపే ముందు పక్క వెలుగులో తీసిన ఫోటో ఒకటి అడగండి, అందులో కుంచె ఆనవాళ్లు కనిపించకపోతే డబ్బు మిగతా భాగం చెల్లించకండి. నేను రెండో ప్రతికి ఈ షరతులన్నీ రాసి ఆర్డరు పెట్టాను, సగం సొమ్ము కట్టాను.